సిజేరియన్ కాన్పు

సిజేరియన్ కాన్పు అనగా తల్లి పొట్టను, గర్భాశయాన్ని కోసి బిడ్డను బయటకు తీసే శస్త్రచికిత్స. వాడుకలో దీనిని ఆపరేషన్ కాన్పు అనీ, సిజేరియన్ అనీ అంటారు. యోని మార్గం ద్వారా జరిగే కాన్పును సహజ కాన్పు లేదా సాధారణ కాన్పు అంటారు. సహజ కాన్పు వలన తల్లికి గానీ బిడ్డకు గానీ కలిగే ప్రమాదం, శస్త్రచికిత్స వలన కలిగే ప్రమాదం కంటే ఎక్కువగా ఉన్నప్పుడు వైద్యులు సిజేరియన్‌ను సూచిస్తారు. ఈ కారణాలలో కొన్ని గర్భం ధరించిన నెలల్లోనే తెలుస్తాయి. మరికొన్ని పురిటి నొప్పులు మొదలైన తరువాత మాత్రమే బయటపడతాయి.

అవసరమైన చోట సిజేరియన్ తల్లీబిడ్డల ప్రాణాలను కాపాడుతుంది. అవసరం లేని చోట చేసినప్పుడు తల్లికి ఆ కాన్పులోనే కాక తరువాతి కాన్పులలో కూడా ప్రమాదాలు పెరుగుతాయి. అందువలన ఏ కారణం బలమైనది, ఏది బలహీనమైనది అన్న విషయం ప్రసూతి వైద్యంలో ముఖ్యమైన చర్చ.

పేరు, చరిత్ర

రోమన్ పాలకుడు జూలియస్ సీజర్ ఈ విధంగా పుట్టాడు కనుక దీనికి ఆ పేరు వచ్చిందని ఒక కథ ప్రచారంలో ఉంది. ఇది నిజం కాకపోవచ్చు. ఆ కాలంలో ఈ శస్త్రచికిత్సను చనిపోయిన లేదా చనిపోబోతున్న గర్భిణులకు మాత్రమే చేసేవారు. సీజర్ తల్లి ఆరేలియా అతడు పెద్దవాడయ్యే వరకు జీవించి ఉంది. లాటిన్ భాషలో "కోయు" అనే అర్థం గల క్రియ నుండి ఈ పేరు వచ్చిందని పలువురి అభిప్రాయం. గర్భంతో చనిపోయిన స్త్రీని బిడ్డను తీయకుండా పూడ్చరాదని ప్రాచీన రోమన్ చట్టం ఒకటి ఉండేది.

19వ శతాబ్దం వరకు ఈ శస్త్రచికిత్స తరువాత తల్లి బతకడం అరుదు. రక్తస్రావం, చీము పట్టడం మరణాలకు ముఖ్య కారణాలు. కోసిన గర్భాశయాన్ని కుట్టకుండా వదిలేయడం కూడా ఇందుకు కారణమే. 1876లో ఇటలీలోని పావియాలో ఎడ్వర్డో పోరో అనే వైద్యుడు బిడ్డను తీసిన వెంటనే గర్భాశయాన్ని కూడా తొలగించి తల్లిని బతికించాడు. 1882లో జర్మనీకి చెందిన మాక్స్ జాంగర్ గర్భాశయాన్ని వెండి తీగతోను, పట్టుదారంతోను కుట్టే పద్ధతిని ప్రచురించాడు. దీనితో గర్భాశయాన్ని తీసివేయవలసిన అవసరం తప్పింది. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో గ్లాస్గోకు చెందిన మన్రో కెర్ గర్భాశయపు కింది భాగంలో అడ్డంగా కోసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. రక్తమార్పిడి, యాంటీబయాటిక్ మందులు, మెరుగైన మత్తుమందులు వచ్చిన తరువాత ఇది చాలావరకు సురక్షితమైన శస్త్రచికిత్సగా మారింది.

శస్త్రచికిత్స విధానం

సాధారణంగా వెన్నులో మత్తు సూది ఇచ్చి నడుము కింది భాగానికి స్పర్శ లేకుండా చేస్తారు. తల్లి మెలకువగానే ఉంటుంది, బిడ్డ ఏడుపు వినగలుగుతుంది. చాలా అత్యవసరమైనప్పుడు, లేదా వెన్నులో మత్తు ఇవ్వడానికి వీలులేనప్పుడు పూర్తి మత్తు ఇస్తారు. పొత్తికడుపు కింద అడ్డంగా కోసి, మూత్రాశయాన్ని కిందికి జరిపి, గర్భాశయపు కింది భాగంలో మరొక అడ్డ కోత పెడతారు. బిడ్డను కొన్ని నిమిషాలలోనే బయటకు తీస్తారు. మాయను తీసి, పొరలను వరుసగా కుట్టడానికి మిగిలిన సమయం పడుతుంది. మొత్తం శస్త్రచికిత్స సుమారు ముప్పావు గంట నుండి గంట వరకు జరుగుతుంది.

నెలలు బాగా తక్కువైనప్పుడు, బిడ్డ అడ్డంగా ఉండి కింది భాగం నుండి తీయడానికి వీలుకానప్పుడు గర్భాశయపు పై భాగంలో నిలువుగా కోయవలసి వస్తుంది. ఈ నిలువు కోత తరువాతి గర్భంలో చిట్లే ప్రమాదం ఎక్కువ. పొట్ట మీద కనిపించే మచ్చను బట్టి లోపలి కోత ఏ రకమో చెప్పలేము. కనుక ఆసుపత్రి నుండి ఇచ్చే కాగితాలలో గర్భాశయపు కోత ఎలా ఉందో రాయించుకొని భద్రపరచుకోవడం అవసరం.

అత్యవసరాన్ని బట్టి రకాలు

సిజేరియన్లను అత్యవసరాన్ని బట్టి నాలుగు తరగతులుగా విభజిస్తారు.

* మొదటి తరగతి: తల్లి లేదా బిడ్డ ప్రాణానికి తక్షణ ప్రమాదం ఉన్నది. నిర్ణయం తీసుకున్న 30 నిమిషాలలోపు బిడ్డను తీయాలన్నది లక్ష్యం.
* రెండవ తరగతి: ప్రమాదం ఉన్నది కానీ తక్షణ ప్రాణాపాయం లేదు. 75 నిమిషాలలోపు చేయాలని బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి.
* మూడవ తరగతి: ప్రస్తుతం ప్రమాదం లేదు, అయినా కాన్పు త్వరగా జరగాలి.
* నాలుగవ తరగతి: తల్లికి, ఆసుపత్రికి అనువైన సమయంలో ముందుగా నిర్ణయించుకొని చేసేది.

ముందుగా నిర్ణయించిన సిజేరియన్‌ను, వేరే వైద్య కారణం లేకపోతే, 39 వారాలు నిండిన తరువాతనే చేయాలి. అంతకుముందు తీసిన బిడ్డలకు ఊపిరి తీసుకోవడంలో ఇబ్బంది కలిగే అవకాశం ఎక్కువ. పురిటి నొప్పుల సమయంలో బిడ్డ ఊపిరితిత్తులలోని నీరు తగ్గే మార్పులు జరుగుతాయి. నొప్పులు రాకముందే తీసిన బిడ్డకు ఆ అవకాశం ఉండదు.

వైద్యులు సిజేరియన్ సూచించే కారణాలు

మాయకు సంబంధించినవి

మాయ గర్భాశయపు పై భాగంలో అతుక్కొని ఉండడం సహజం. కొందరిలో అది కిందికి ఉండి గర్భాశయ ముఖద్వారాన్ని కప్పివేస్తుంది. ముఖద్వారం తెరచుకొనే కొద్దీ మాయ ఊడి తీవ్రంగా రక్తస్రావమవుతుంది. నొప్పి లేకుండా ఎర్రని రక్తం కనబడడం దీని ముఖ్య లక్షణం. ఇలాంటి స్థితిలో సహజ కాన్పు ప్రాణాంతకం కనుక సిజేరియన్ తప్పనిసరి. అయితే ఐదవ నెల స్కానింగులో "మాయ కిందికి ఉంది" అని చెప్పినంత మాత్రాన భయపడవలసిన పని లేదు. గర్భాశయం పెరిగే కొద్దీ చాలామందిలో మాయ పైకి జరుగుతుంది. అందుకే చివరి నెలల్లో మళ్ళీ స్కానింగు చేసి నిర్ణయిస్తారు.

కాన్పుకు ముందే మాయ గర్భాశయపు గోడ నుండి విడిపోవడం మరొక ప్రమాదం. ఇందులో కడుపు గట్టిపడి తీవ్రమైన నొప్పి వస్తుంది. రక్తం లోపలే నిలిచిపోయి బయటకు తక్కువగా కనబడవచ్చు. బిడ్డ బతికి ఉండి, కాన్పు వెంటనే అయ్యే సూచనలు లేకపోతే అత్యవసరంగా సిజేరియన్ చేస్తారు.

బొడ్డుతాడు జారడం

ఉమ్మనీటి సంచి పగిలినప్పుడు బిడ్డ తల కంటే ముందుగా బొడ్డుతాడు కిందికి జారవచ్చు. తల దానిని నొక్కివేస్తే బిడ్డకు రక్తప్రసరణ ఆగిపోతుంది. ఇది అరుదైనదే కానీ నిమిషాల మీద వ్యవహరించవలసిన ప్రమాదం. శస్త్రచికిత్స గదికి చేరే వరకు తల్లిని మోకాళ్ళ మీద వంగి ఉండేలా చేసి, చేతితో బిడ్డ తలను పైకి ఎత్తి పట్టుకుంటారు.

బిడ్డ ఉన్న తీరు

బిడ్డ గర్భంలో అడ్డంగా ఉంటే సహజ కాన్పు సాధ్యం కాదు. నొప్పులు కొనసాగితే గర్భాశయం చిట్లే ప్రమాదం ఉంది. "కాన్పు అడ్డం తిరిగింది" అనే మాట తెలుగు పల్లెలలో ప్రాణభయానికి గుర్తుగా నిలిచింది.

తల పైకి, పిరుదులు లేదా కాళ్ళు కిందికి ఉండడాన్ని ఎదురుకాళ్ళ కాన్పు అంటారు. నెలలు నిండిన గర్భాలలో సుమారు 3 నుండి 4 శాతం ఇలా ఉంటాయి. ఇందులో శరీరం బయటకు వచ్చిన తరువాత తల చిక్కుకుపోయే ప్రమాదం ఉంది. 2000లో 26 దేశాలలో 2,088 మంది స్త్రీలపై జరిగిన అధ్యయనం ముందుగా నిర్ణయించిన సిజేరియన్ బిడ్డకు సురక్షితమని చెప్పింది. ఆ తరువాత ప్రపంచమంతటా ఎదురుకాళ్ళ సహజ కాన్పులు తగ్గిపోయాయి. అదే అధ్యయనంలోని కొంతమంది పిల్లలను రెండేళ్ళ తరువాత పరీక్షించినప్పుడు, మరణాలలో గానీ మెదడు ఎదుగుదలలో గానీ రెండు పద్ధతుల మధ్య తేడా కనిపించలేదు. 36 లేదా 37 వారాల సమయంలో పొట్ట మీద చేతులతో ఒత్తి బిడ్డ తలను కిందికి తిప్పే పద్ధతి ఒకటి ఉంది. ఇది సుమారు సగం మందిలో ఫలిస్తుంది, సిజేరియన్ అవసరాన్ని తప్పిస్తుంది.

కటివలయం, బిడ్డ తల

తల్లి కటివలయం గుండా బిడ్డ తల పట్టకపోవడాన్ని వైద్యులు తరచుగా కారణంగా చూపుతారు. రికెట్స్ వ్యాధి, పోలియో, ప్రమాదాలలో ఎముకలు విరగడం వంటి వాటి వలన కటివలయం వంకరపోయిన వారిలో ఇది స్పష్టంగా తెలుస్తుంది. మిగిలినవారిలో నొప్పులు రాకముందే దీనిని నిర్ధారించడం కష్టం. బిడ్డ తల ఎముకలు ఒకదానిపై ఒకటి జరిగి తల ఆకారం మారుతుంది. తల్లి కటివలయం కీళ్ళు కూడా కొంత సడలుతాయి. కనుక తల్లి పొట్టిగా ఉన్నదన్న ఒక్క కారణంతో సిజేరియన్ నిర్ణయించడం సరికాదు. నొప్పులు బాగా వస్తున్నా తల కిందికి దిగకపోవడమే అసలు పరీక్ష.

నిజంగా దారి మూసుకుపోయినప్పుడు సిజేరియన్ అందకపోతే ఫలితాలు దారుణంగా ఉంటాయి. గర్భాశయం చిట్లి తల్లి మరణించవచ్చు. బతికినా, బిడ్డ తల రోజుల తరబడి ఒత్తడం వలన మూత్రాశయానికి, యోనికి మధ్య రంధ్రం పడి నిరంతరం మూత్రం కారే స్థితి ఏర్పడుతుంది. శస్త్రచికిత్స సౌకర్యం లేని ప్రాంతాలలో ఈ బాధ ఇప్పటికీ కనిపిస్తుంది.

కాన్పు ముందుకు సాగకపోవడం

మొదటిసారి చేసే సిజేరియన్లకు అత్యంత సాధారణ కారణాలలో ఇది ఒకటి. 1950లలో అమెరికా వైద్యుడు ఎడ్వర్డ్ ఫ్రీడ్‌మన్ పరిశీలనల ఆధారంగా, ముఖద్వారం గంటకు ఒక సెంటీమీటరు చొప్పున తెరచుకోవాలన్న లెక్క చాలాకాలం అమలులో ఉంది. ఆరోగ్యవంతులైన అనేకమంది స్త్రీలలో అది ఇంతకంటే నెమ్మదిగా జరుగుతుందని తరువాతి పరిశోధనలలో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం చురుకైన దశ 5 సెంటీమీటర్ల వద్ద మొదలవుతుంది. అక్కడి నుండి మొదటి కాన్పులో 12 గంటల వరకు, తరువాతి కాన్పులలో 10 గంటల వరకు పట్టడం సహజం. తల్లీబిడ్డలు క్షేమంగా ఉన్నంతవరకు గంటకు ఒక సెంటీమీటరు తెరచుకోలేదన్న కారణం మాత్రమే శస్త్రచికిత్సకు చాలదు.

బిడ్డ అలసిపోవడం

నొప్పులు వచ్చినప్పుడల్లా మాయకు రక్తప్రసరణ కొంతసేపు తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ దీనిని తట్టుకుంటుంది. తట్టుకోలేనప్పుడు గుండె చప్పుడులో మార్పులు వస్తాయి. బిడ్డ గుండె నిమిషానికి 110 నుండి 160 సార్లు కొట్టుకోవడం సాధారణం. నొప్పి తగ్గిన తరువాత కూడా వేగం పడిపోయి ఉండడం, హెచ్చుతగ్గులు లేకుండా ఒకే తీరుగా నడవడం ప్రమాద సూచనలు. అప్పుడు తల్లిని పక్కకు తిప్పి పడుకోబెట్టడం, నొప్పులు పెంచే మందును ఆపడం వంటివి ముందుగా చేస్తారు. మార్పు రాకపోతే సిజేరియన్ చేస్తారు. గుండె చప్పుడును నిరంతరం నమోదు చేసే యంత్రాలు కొన్నిసార్లు లేని ప్రమాదాన్ని కూడా సూచిస్తాయి. ఉమ్మనీరు పచ్చగా రావడం జాగ్రత్తగా గమనించవలసిన గుర్తు, కానీ గుండె చప్పుడు సరిగా ఉంటే అది ఒక్కటే శస్త్రచికిత్సకు కారణం కాదు.

పూర్వపు సిజేరియన్

"ఒకసారి సిజేరియన్ అయితే ఎప్పుడూ సిజేరియనే" అన్న అభిప్రాయం 1916లో అమెరికాకు చెందిన ఎడ్విన్ క్రేగిన్ రాసిన వ్యాసం ద్వారా ప్రసిద్ధమైంది. ఆనాడు నిలువు కోతలే ఎక్కువ. కింది భాగపు అడ్డ కోత ఒకటి మాత్రమే ఉన్నవారు సహజ కాన్పుకు ప్రయత్నిస్తే, అందులో 60 నుండి 80 శాతం మందికి అది సఫలమవుతుంది. పాత కుట్టు చిట్లే ప్రమాదం సుమారు 200 మందిలో ఒకరికి ఉంటుంది. చిట్లితే క్షణాల మీద శస్త్రచికిత్స చేయవలసి వస్తుంది కనుక, రక్తం, మత్తు వైద్యుడు, శస్త్రచికిత్స గది ఎల్లవేళలా సిద్ధంగా ఉన్న ఆసుపత్రిలోనే ఈ ప్రయత్నం చేయాలి. నిలువు కోత ఉన్నవారికి, ఇదివరకు గర్భాశయం చిట్లినవారికి మళ్ళీ సిజేరియనే సూచిస్తారు.

తల్లి ఆరోగ్యం

* గుర్రపువాతం: గర్భిణులలో రక్తపోటు పెరిగి మూత్రంలో ప్రోటీన్ పోవడం, ఫిట్స్ రావడం ఇందులోని లక్షణాలు. కాన్పు జరగడమే దీనికి అసలైన చికిత్స. చాలామందికి మందులతో నొప్పులు తెప్పించి సహజ కాన్పు చేయవచ్చు. పరిస్థితి వేగంగా విషమిస్తూ, ముఖద్వారం సిద్ధంగా లేనప్పుడు సిజేరియన్ చేస్తారు.
* మధుమేహం: ఇది స్వయంగా కారణం కాదు. బిడ్డ బరువు విపరీతంగా పెరిగితే భుజాలు చిక్కుకొనే ప్రమాదం ఉంది. మధుమేహం ఉన్న తల్లికి బిడ్డ 4.5 కిలోలు దాటుతుందని అంచనా ఉంటే సిజేరియన్ గురించి ఆలోచించాలని అమెరికా వైద్యుల సంఘం సూచన. స్కానింగులో చెప్పే బరువు అంచనా మాత్రమే.
* గుండె జబ్బులు: గుండె జబ్బు ఉంటే సిజేరియనే మంచిదని పలువురు అనుకుంటారు. నిజానికి చాలామంది గుండె రోగులకు నొప్పి తెలియకుండా చేసి జరిపే సహజ కాన్పే మేలు. బృహద్ధమని బాగా ఉబ్బి ఉండడం వంటి కొన్ని స్థితులలో మాత్రం సిజేరియన్ ఎంచుకుంటారు.
* అంటువ్యాధులు: కాన్పు సమయంలో జననాంగాల వద్ద హెర్పిస్ పుండ్లు ఉంటే బిడ్డకు సోకకుండా సిజేరియన్ సూచిస్తారు. హెచ్.ఐ.వి. ఉన్న తల్లి రక్తంలో వైరస్ ఎక్కువగా ఉన్నప్పుడు సిజేరియన్ వలన బిడ్డకు సోకే అవకాశం తగ్గుతుంది. మందులతో వైరస్ బాగా తగ్గిన తల్లులు సహజంగా ప్రసవించవచ్చు.
* గడ్డలు: గర్భాశయపు కింది భాగంలో పెద్ద గడ్డ దారికి అడ్డుగా ఉంటే సిజేరియన్ చేస్తారు.

కవలలు

మొదటి బిడ్డ తల కిందికి ఉంటే కవలల సహజ కాన్పు సాధ్యమే. 2013లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనంలో, అలాంటి కవలలకు ముందుగా నిర్ణయించిన సిజేరియన్ వలన అదనపు మేలు కనబడలేదు. మొదటి బిడ్డ అడ్డంగా లేదా ఎదురుకాళ్ళతో ఉన్నప్పుడు, ఇద్దరూ ఒకే ఉమ్మనీటి సంచిలో ఉన్నప్పుడు, ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువమంది ఉన్నప్పుడు సాధారణంగా సిజేరియన్ చేస్తారు.

తగిన కారణాలు కానివి

బిడ్డ మెడ చుట్టూ బొడ్డుతాడు చుట్టుకోవడాన్ని తెలుగునాట "పేగు మెడలో వేసుకోవడం" అంటారు. అలా పుట్టిన బిడ్డ వలన మేనమామకు గండమని ఒక నమ్మకం కూడా ఉంది. ఇది చాలా కాన్పులలో కనబడే సాధారణ విషయం. ఎక్కువ మంది బిడ్డలు ఏ ఇబ్బంది లేకుండా సహజంగానే పుడతారు. స్కానింగులో తాడు కనబడిందన్న కారణంతో మాత్రమే సిజేరియన్ చేయనవసరం లేదు.

తిథి, నక్షత్రం చూసుకొని ముహూర్తానికి బిడ్డను తీయించుకొనే అలవాటు తెలుగు రాష్ట్రాలలో కనిపిస్తుంది. దీనికి వైద్యపరమైన ఆధారం లేదు. ముహూర్తం కోసం 39 వారాలకు ముందే తీస్తే బిడ్డ ఊపిరికి ఇబ్బంది కలగవచ్చు. నొప్పుల భయం మరొక కారణం. భయపడే తల్లికి వెన్నులో మందు ఇచ్చి నొప్పి తగ్గించే పద్ధతి, కాన్పు గదిలో తోడుగా ఒకరిని ఉండనివ్వడం మేలు చేస్తాయి. అన్నీ తెలుసుకున్న తరువాత కూడా తల్లి సిజేరియన్ కోరుకుంటే, ఆ కోరికను గౌరవించాలని కొన్ని దేశాల మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ప్రమాదాలు, తరువాతి కాన్పులు

సిజేరియన్‌లో రక్తస్రావం సహజ కాన్పు కంటే ఎక్కువ. కుట్లకు చీము పట్టడం, కాళ్ళ సిరలలో రక్తం గడ్డకట్టడం, మూత్రాశయానికి గాయం కావడం వంటివి జరగవచ్చు. కోలుకోవడానికి వారాలు పడుతుంది. తల్లిపాలు ఆలస్యమయ్యే అవకాశం ఉంది. అయితే వెన్నులో మత్తు ఇచ్చిన తల్లి మొదటి గంటలోనే పాలు పట్టవచ్చు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం తరువాతి గర్భాలలో పొంచి ఉంటుంది. మాయ పాత కుట్టు మీద అతుక్కొని, గర్భాశయపు కండలోనికి చొచ్చుకొనిపోతుంది. కాన్పు తరువాత అది ఊడిరాదు. తీవ్ర రక్తస్రావంతో గర్భాశయాన్నే తొలగించవలసి రావచ్చు. అమెరికాలో జరిగి 2006లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం, మాయ కిందికి ఉన్న స్త్రీలలో ఈ స్థితి మొదటి సిజేరియన్‌లో 3 శాతం, రెండవదానిలో 11 శాతం, మూడవదానిలో 40 శాతం, నాలుగవదానిలో 61 శాతం మందిలో కనిపించింది. మొదటి సిజేరియన్ నిర్ణయాన్ని జాగ్రత్తగా తీసుకోవాలని చెప్పడానికి ఇదే ముఖ్య కారణం.

గణాంకాలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో సిజేరియన్లు 10 నుండి 15 శాతానికి మించనవసరం లేదని చెప్పింది. 2015లో ఆ సంస్థ మరింత వివరణ ఇచ్చింది. దాని ప్రకారం జనాభా మొత్తం మీద 10 శాతం వరకు సిజేరియన్లు పెరిగే కొద్దీ తల్లీబిడ్డల మరణాలు తగ్గుతాయి. ఆపైన పెరిగితే మరణాలు తగ్గుతున్నట్లు ఆధారం లేదు. ఏదో ఒక శాతాన్ని అందుకోవడం కాక, అవసరమైన ప్రతి స్త్రీకి సిజేరియన్ అందించడమే లక్ష్యంగా ఉండాలని ఆ సంస్థ పేర్కొన్నది. ఆసుపత్రుల మధ్య పోల్చి చూడడానికి, మైకేల్ రాబ్సన్ 2001లో ప్రతిపాదించిన పది వర్గాల విభజనను వాడాలని సూచించింది. 2021లో ఆ సంస్థ ఇచ్చిన అంచనా ప్రకారం ప్రపంచంలో 21 శాతం కాన్పులు సిజేరియన్ ద్వారా జరుగుతున్నాయి. సహారా దిగువ ఆఫ్రికాలో ఇది 5 శాతం మాత్రమే. అక్కడ అవసరమైనవారికి కూడా అందకపోవడమే సమస్య.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం భారతదేశంలో సిజేరియన్లు 2005-06లో 8.5 శాతం, 2015-16లో 17.2 శాతం, 2019-21లో 21.5 శాతం. 2019-21 సర్వేలో తెలంగాణ 60.7 శాతంతో రాష్ట్రాలన్నిటిలో మొదటి స్థానంలో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 42.4 శాతం, నాగాలాండ్‌లో 5.2 శాతం. తెలంగాణలో ప్రైవేటు ఆసుపత్రులలో 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రులలో 44.5 శాతం కాన్పులు సిజేరియన్లే. ఒకే రాష్ట్రపు స్త్రీల మధ్య ఇంత తేడా కేవలం వైద్య కారణాల వలన ఏర్పడినదని చెప్పలేము.

శిక్షణ పొందిన మంత్రసానులు సాధారణ కాన్పులను చూసుకొనే విధానాన్ని ప్రోత్సహిస్తూ భారత ప్రభుత్వం 2018లో మార్గదర్శకాలు విడుదల చేసింది. అత్యవసరం కాని సందర్భంలో కారణం ఏమిటి, వేచి చూస్తే ఏమవుతుంది, వేరే మార్గం ఉన్నదా అన్న విషయాలను వైద్యుని అడిగి తెలుసుకొనే హక్కు తల్లికి ఉంది. బొడ్డుతాడు జారడం, మాయ ఊడి రక్తస్రావం కావడం వంటి స్థితులలో మాత్రం సంతకం కోసం పెద్దలు వచ్చే వరకు ఆగడం ప్రాణాల మీదికి తెస్తుంది. అందుకే ఈ విషయాలను కాన్పుకు ముందే, నెలవారీ పరీక్షల సమయంలో కుటుంబమంతా మాట్లాడుకోవడం మంచిది.

ఇవి కూడా చూడండి

* ప్రసవం
* గర్భం
* గర్భాశయం
* మాయ
* మంత్రసాని